పొడిచిన పేర్లు

మా ఆడపడుచు లినావ్ కుడిచేతి వేళ్ళతో చదివేది. చిన్నప్పుడు తట్టు పోసి కళ్ళు పోయాయి. అయినా వాళ్ళ నాన్న, అంటే మా మామ, ఆ పిల్ల చేతికి కత్తి ఇచ్చి వెదురు మీద రాత నేర్పాడు. మా రాత సిరాతో పులిమేది కాదు, కత్తి మొనతో గీసేది. గీసిన చోట గాడి పడుతుంది, గాడి పడిన చోట వేలికి దారి దొరుకుతుంది. ఎడమచేత్తో వెదురు పట్టుకుని, కుడిచేత్తో కత్తిని ఒంటికి దూరంగా తోస్తూ గీయాలి. కత్తి జారినప్పుడల్లా తెగేది ఎడమచేతి వేళ్ళే. తెగి, మాని, మళ్ళీ తెగి ఆ కొసలు గట్టిపడి మొద్దుబారిపోయాయి. లినావ్‌కి కళ్ళన్నా చదువన్నా కుడిచెయ్యే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేనెందుకంత గొంతు చించుకున్నానో మీకు తెలియాలి.

మాలో పెళ్ళయితే చాలావరకు మగవాడే అత్తగారింటికి వచ్చి ఉంటాడు. నా ఖర్మకి అది తిరగబడింది. భార్య పోయిన తండ్రినీ చూపు లేని చెల్లెల్నీ వదిలి రానని మా ఆయన ఉయాన్ మొండికేస్తే, నేనే బుట్ట వీపున తగిలించుకుని వాగు దాటి ఇటు దలాగన్ గుట్టకి వచ్చాను. వచ్చిన రోజే లినావ్ నా చెయ్యి పట్టుకుని వేళ్ళన్నీ తడిమింది.

"వదినా, నువ్వు దుంపలు తవ్వడానికే పుట్టావు," అంది.

"మరి నువ్వో?"

"నువ్వు తవ్వినవి తినడానికి."

అలాంటి నోరు ఆమెది. నాదీ ఏమంత చిన్న నోరు కాదు కాబట్టి మాకు బాగానే కుదిరింది.

ఆ వేళ్ళ గురించి చుట్టుపక్కల గుట్టలన్నిటా చెప్పుకునేవారు. ఏ వెదురు ముక్క ఇచ్చినా ఏం రాసిందో చెప్పడమే కాదు, ఎవరు గీశారో కూడా చెప్పేసేది. ఒకరు లోతుగా గీస్తారు, ఒకరు కొసల్లో కత్తి తిప్పుతారు, ఆమెకి అదంతా మనిషి గొంతు విన్నట్టే తెలిసిపోయేది. ఒకసారి హినాయ్ అనే పిల్ల, అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు, తనని ఇష్టపడినవాడు పంపిన పాటను గర్వంగా పట్టుకొచ్చింది. సున్నం పోసుకునే వెదురు గొట్టం మీద చుట్టూతా గీసి ఉంది. లినావ్ వేళ్ళు పెట్టి తిప్పింది.

"పాట బావుంది. కానీ నీ మీద పడ్డది మీ వాడి మనసు కాదే పిల్లా."

"మరి ఎవరిది?"

"బాలూయ్ తాతది. ఇది తాత చెయ్యి. మీవాడు కూర్చుని వక్కలు నమిలుంటాడు."

అక్కడున్న వాళ్ళంతా పడీపడీ నవ్వారు. బాలూయ్ తాత కూడా నవ్వి, కుర్రవాడు బతిమాలుకుంటే గీసిచ్చానని ఒప్పుకున్నాడు. హినాయ్ మాత్రం నవ్వలేదు. పెళ్ళి అతన్నే చేసుకుంది, పిల్లలు పుట్టారు, కానీ ఆనాటి నుంచి లినావ్ చేతిని చూసే చూపు మారిపోయింది. ఎదురుపడితే తన చేతులు వెనక్కి పెట్టుకునేది, తాకితే ఏం చదివేస్తుందో అన్నట్టు. భయం అంటే అప్పట్లో అంతే, నవ్వుకుని వదిలేసేంత.

మామ పోయాడు. పోతూ పోతూ జీవితమంతా గీసిన పాటల వెదుళ్ళు దూలాల సందుల్లో దోపి వదిలేశాడు. మా అంబాహన్ పాటలు తెలుసుగా, ఒక్కో పాదం చిన్నగా ఉంటుంది, ఎదుటివాడు బదులు పాడితేగాని పాట పూర్తయినట్టు కాదు. ఆ వెదుళ్ళకి పుచ్చు పట్టింది. ఎండాకాలంలో పడుకుంటే మొహాన సన్నటి పిండి రాలేది. అది పాటలు రాలడమని లినావ్ అనేది. కంటికి ఆనని గీతలు కూడా ఆమె వేలికి తగిలేవి కాబట్టి, పోతున్నవాటిని పట్టుకుని కొత్త వెదురు మీదికి ఎక్కించేది. ఒకటి ఎక్కించేలోగా ముందు ఎక్కించినవాటికి మళ్ళీ పుచ్చు. ఒక రోజు ఓ వెదురు ఆమె చేతిలోనే పొడైపోయింది. ఆ పొడిని గుప్పిట పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే టీచర్ యులాలియా కొండెక్కి వచ్చింది. తీరం ఊరి మనిషి, ఆవిడకీ చూపు లేదు. ఉప్పు అమ్మే ఆవిడ భుజం పట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని, వాగు రాళ్ళ మీద జారుకుంటూ వచ్చింది. మా మాట కాస్త యాసగా అయినా బాగానే మాట్లాడేది. సంచిలోంచి చిన్న ఇనప పలక తీసింది, దానికి గళ్ళు గళ్ళుగా కిటికీలు. చెక్క పిడి ఉన్న పొట్టి సూది ఒకటి తీసింది. మందపాటి కాగితం తీసింది.

"ఆరు చుక్కలమ్మా. ఈ ఆరింట్లోనే లోకంలో ఉన్న రాతలన్నీ పడతాయి. వీటికి పుచ్చు పట్టదు," అంది.

ఆ చివరి మాట లినావ్‌ని పట్టేసింది. ఆ వారమంతా ఇద్దరూ మొహాలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. నేను దుంపలు ఉడకేసి పెడుతుంటే చల్లారిపోయేవి.

"మేం ఒక్క గీతలో చెప్పేదాన్ని మీరు రెండు గళ్ళలో చెప్తారేంటి టీచరమ్మా? దిగువోళ్ళకి ఏదైనా రెండుసార్లు చెప్తేగాని ఎక్కదా?" అంది లినావ్.

"ఎక్కదు తల్లీ. అందుకే కదా నేను మీ కొండ రెండుసార్లు ఎక్కాల్సొచ్చింది, మొదటిసారి దారి తప్పి."

నాకు ఆ నవ్వులు బాగానే ఉన్నాయి గానీ ఆ రాసే తీరే నచ్చలేదు. కాగితాన్ని పలకలో బిగించి, వెనక వైపు నుంచి, కుడి నుంచి ఎడమకి పొడుచుకుంటూ రావాలట. తర్వాత తిరగేసి ముందు నుంచి చదవాలట. టక్కు టక్కుమని ఆ సూది చప్పుడు రోజంతా ఇంట్లో వినిపించేది. మా రాత అందరికీ కనిపించేది. ఇంటి దూలం మీద ఉంటుంది, సున్నపు గొట్టం మీద ఉంటుంది, దారిన పోయే ఎవడైనా చదివి పోతాడు. ఇది మాత్రం లినావ్ తప్ప ఇంకొకరు చదవలేనిది. నేను ఆ మాటే అంటే, "నీకు కుళ్ళు వదినా, నాకున్నది నీకు లేదని," అంది.

వెళ్ళేముందు టీచర్ పలకా సూదీ కాగితాలూ ఇచ్చేసింది. వానలు తగ్గాక వచ్చి లినావ్‌ని తీరానికి తీసుకెళ్తానంది. అక్కడ చూపు లేని పిల్లలకి చదువు చెప్పే ఇల్లు ఒకటుందట, మా కొండ పిల్లలకి మా మాటలో చెప్పేవాళ్ళు కావాలట. లినావ్ ఆశంతా దాని మీదే. మామ పాటలన్నీ చుక్కల్లోకి ఎక్కించి తీరానికి తీసుకెళ్ళాలని.

"ముందు పాటలు వద్దు, చెయ్యి తిరగదు. చిన్న చిన్న మాటలు పొడువు. పేర్లు పొడువు," అని టీచర్ చెప్పి పోయింది.

పేర్లంటే ఎవరివి? గుంజల మీద కట్టిన మా ఇంటి కింద నీడలో ఎప్పుడూ ఆడుకునేది గుట్టలోని పిల్లలే. వాళ్ళ పేర్లే పొడిచింది. అందరికంటే ముందు హినాయ్ కూతురు పిలాక్ పేరు, ఎందుకంటే ఆ పిల్ల నిచ్చెనెక్కి వచ్చి పక్కనే కూర్చుని సూది చప్పుడు వినేది. వాళ్ళమ్మ వద్దన్నా వినేది కాదు.

తీరంలో ఊరి పండగ వచ్చింది. హినాయ్ మొగుడు అరటి గెలలు అమ్ముకోవడానికి పోతూ పిలాక్‌ని భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. తిరిగొచ్చిన కొన్నాళ్ళకి పిల్లకి జ్వరం, కళ్ళు ఎర్రబడటం, దగ్గు. తర్వాత చెవుల వెనక మొదలై మొహం నిండా, ఒంటి నిండా చుక్కలు లేచాయి. మా పెద్దవాళ్ళకి ఆ జబ్బు తెలుసు. గుట్టకి వచ్చే దారులన్నిటికీ ముళ్ళ పేము తీగలు అడ్డం కట్టేశారు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు బయటికి పోకూడదు. టీచర్ వచ్చే దారి కూడా మూసుకుపోయింది. అయినా జబ్బు ముళ్ళు చూసి ఆగే రకం కాదు, రెండో ఇంట్లో పిల్లాడికి, మూడో ఇంట్లో ఇద్దరికి లేచింది.

హినాయ్ ఒక మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది. నేను పొలంలో ఉన్నాను, లినావ్ వాగు దగ్గర ఉంది. చాప మీద ఆరబెట్టినట్టు పెట్టిన కాగితం తీసుకుని వెలుతురుకి ఎత్తి చూసిందట. ఏం చూసిందో నాకు తెలుసు. వరసలు వరసలుగా లేచిన చుక్కలు. ఆ కాగితం పట్టుకుని గుట్టంతా తిరిగింది. నేను వచ్చేసరికి జనం బాలూయ్ తాత ఇంటి ముందు మూగి ఉన్నారు.

"నా బిడ్డ ఒళ్ళు చూశారుగా? ఇది చూడండి. తేడా ఏదన్నా ఉంటే నా మొహాన ఊసి పోండి," అంటోంది హినాయ్.

బాలూయ్ తాత మంచివాడు. మా గుట్టలో తగువులు తీర్చేది ఆయనే, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. "ఇది తట్టేనమ్మా. లినావ్ కళ్ళు పోయింది దీనివల్లే. నాకు గుర్తుంది," అన్నాడు నెమ్మదిగా.

"అదే నేను చెప్పేది తాతా! అప్పుడు దీని ఒంట్లోకి వచ్చింది, పోలేదు, లోపలే దాచుకుంది. ఇప్పుడు సూదితో పొడిచి పొడిచి పిల్లల మీదికి తోలుతోంది. వెనక నుంచి, తిరగేసి రాసేది మంచి రాతేనా? మీరే చెప్పండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పండక్కి పిల్లని ఎత్తుకుపోయి ఊళ్ళో తిప్పుకొచ్చింది నీ మొగుడు. కాగితం కాదు తిప్పుకొచ్చింది," అన్నాను.

"నువ్వు దాని వదినవి. నువ్వట్టాగే అంటావు," అన్నారు ఎవరో. మిగతావాళ్ళు తలలూపారు.

లినావ్‌ని పిలిపించారు. తడి బట్టతోనే వచ్చి నిలబడింది. బాలూయ్ తాత ఆ కాగితం ఆమె చేతికిచ్చాడు.

"ఇందులో ఏముందమ్మా?"

ఇక్కడ మీరు ఒకటి గ్రహించాలి. ఆ గుట్ట మొత్తం మీద ఆ కాగితం చదవగలిగింది ఆమె ఒక్కతే. ఏం చెప్పినా అదే నిజమయ్యేది. నేను పక్కకి జరిగి నడుం మీద గిల్లి, "మామ పాట అని చెప్పు," అని గొణిగాను. మామ పాట ఒక్కటి పైకి చదివేస్తే, అందరికీ తెలిసిన పాటే కాబట్టి ఎవరి దారిన వాళ్ళు పోయేవారు.

"పేర్లు తాతా," అంది లినావ్. "పిల్లల పేర్లు."

"ఎవరెవరివి?"

ఆమె మొదటి వరస మీద వేలు పెట్టింది. "పిలాక్," అని చదివింది. ఆ తర్వాత రెండో ఇంటి పిల్లాడి పేరు. ఆ తర్వాత మూడో ఇంట్లో ఇద్దరివి. వేలు జరుపుతూ, ఒక్కో పేరూ శుభ్రంగా, అడిగారు కాబట్టి చెప్తున్నట్టు. చదువుతున్నకొద్దీ ఆమెకి అర్థమవుతూ వచ్చింది. గొంతు తగ్గిపోయింది. అయినా ఆపలేదు, కాగితం చివరికంటా చదివింది. తమ బిడ్డ పేరు విన్న ప్రతి తల్లీ వెనక్కి జరిగింది. ఇంత పిచ్చి నిజాయితీ ఎవరికి కావాలి? నాకు ఆమెను చూస్తే జాలి వేయలేదు, చెంప మీద కొట్టాలనిపించింది.

బాలూయ్ తాత కాగితం మడిచి పక్కన పెట్టాడు. చివరికి అన్నాడు, "రాయినే అడుగుదాం."

రాయిని అడగడమంటే మాలో తిగియన్. కుండలో నీళ్ళు కుతకుతలాడించి, అడుగున ఒక రాయి వేస్తారు. నింద మోసినవాళ్ళు చెయ్యి పెట్టి రాయి తీయాలి. తప్పు చేయని చెయ్యి కాలదు. దాని మీద నవ్వేవాళ్ళు తీరంలో ఉంటారు, నవ్వుకోనివ్వండి. మా తాతల నాటి నుంచి ఎన్ని తగువులు కత్తులదాకా పోకుండా ఆ కుండ దగ్గర ఆగాయో నాకు తెలుసు. చెయ్యి కాలకుండా రాయి తీసినవాళ్ళని నేను నా కళ్ళతో చూశాను. కానీ పొడిచిన చెయ్యే పెట్టాలన్నారు. కుడిచెయ్యి.

మర్నాడు పొద్దున్నే లినావ్ నాతో కట్టెలకి వచ్చింది. ఆ కట్టెలు ఆ కుండ కిందికే. మా కట్టెలు మేమే తేవాలి, అది పద్ధతి.

"ఎడమచెయ్యి పెట్టు," అన్నాను. "ఎడమచేత్తో పొడిచానని చెప్పు. అదెలాగూ మొద్దుబారిపోయిందే కదా. కాలినా పోయేదేం లేదు."

"పొడిచింది కుడిచేత్తో వదినా."

"ఎవరు చూశారే?"

"రాయికి తెలీదా?"

"అయితే పోదాం పద. తీగలు కోసేస్తాను. సాయంత్రానికి తీరంలో, మన్సలాయ్‌లో ఉంటాం, టీచరమ్మ దగ్గర."

"పోతే తప్పు ఒప్పుకున్నట్టే కదా." కట్టె ఒకటి తీసి బెరడు తడిమి మోపులో పెట్టింది. చాలా మెల్లగా అంది. "వదినా, నేను జబ్బునే పొడిచానేమో. నాకు తెలీకుండా. పిలాక్ పేరు పొడిచేటప్పుడు నా మనసులో ఏముందో నాకు గుర్తు లేదు. వాళ్ళమ్మ మీద కోపం ఉందేమో."

అంతవరకు నాకున్న భయం వేరు, ఆ మాట విన్నాక పట్టుకున్న భయం వేరు. నమ్మకం ఉన్న మనిషి చెయ్యి పెడితే ఏమో, రాయి వింటుందేమో. అనుమానం పడ్డ మనిషిని ఎవరు కాపాడతారు?

ఇంటికొచ్చి ఆమె దూలాల్లోంచి మామ వెదుళ్ళన్నీ దింపమంది. ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో చదువుతూ పైకి పాడింది. నన్ను నేర్చుకోమంది. నేను ఆ గుట్టలో అందరికంటే మొద్దు బుర్రదాన్ని. ఒకటి నేర్చుకునేలోపు ముందుది పోతోంది. ఏడుస్తూ నేర్చుకున్నాను. నాకు నిలిచింది ఇదొక్కటి:

దారి నీవు తప్పినా
వాగు అడ్డు వచ్చినా
పొగ కానరాకున్నా
నా మాటను పట్టి రా.

సగం వెదుళ్ళు కూడా అవలేదు, పిలుపు వచ్చేసింది.

ఎండ బాగా ఉంది. కుండ మరుగుతోంది. పిల్లల్ని తెచ్చుకోలేదు ఎవరూ. హినాయ్ మాత్రం పిలాక్‌ని గుడ్డలో కట్టుకుని వచ్చింది, పిల్ల కళ్ళు పుసులు కట్టి మూసుకుపోయి ఉన్నాయి. నా మొగుడు ఉయాన్ చెల్లెలి పక్కన నిలబడ్డాడు, చెట్టుమాను లాగా. బాలూయ్ తాత కుండ దగ్గర కూర్చుని రాయికి చెప్పుకోవాల్సిందంతా చెప్పుకున్నాడు. చివర్లో అడగాల్సింది అడిగాడు.

"ఈ చెయ్యి ఈ పిల్లల పేర్లు సూదితో పొడిచిన చెయ్యే అయితే కాల్చు. కాకపోతే కాల్చకు."

పొడిచింది కదా! పేర్లు పొడిచింది, తనే చెప్పింది, అందరూ విన్నారు. అడగాల్సింది అది కాదు, జబ్బు తోలిందా అని. రాయి అబద్ధం చెప్పదని నమ్మేవాళ్ళలో నేను ఇప్పటికీ ఉన్నాను, అందుకే ఆ ప్రశ్న వినగానే నాకు జరగబోయేదంతా తెలిసిపోయింది. "తాతా, అలా కాదు, మళ్ళీ అడుగు!" అని అరిచాను. ఇద్దరు ఆడవాళ్ళు నన్ను వెనక్కి పట్టుకున్నారు. రాయిని ఒకసారి అడిగాక మళ్ళీ అడగరు.

లినావ్ ఎడమచేత్తో కుండ అంచు వెతికింది. ఆ మొద్దుబారిన వేళ్ళు కాలినా ఆమెకి తెలియలేదు. కుడిచెయ్యి ముంచింది. రాయి అడుగున ఎక్కడో ఉంది, చూపున్నవాళ్ళు చూసి ఠక్కున తీస్తారు, ఆమె వెతుక్కోవాలి. వెతికింది. ఆ వెతకడం నేను చూశాను, ఇక దాని గురించి చెప్పను. రాయి తీసి, "ఇదిగో తాతా," అని బాలూయ్ తాత అరచేతిలో పెట్టింది. మొదట కేక పెట్టింది ఆయనే. రాయి కింద పడింది, ఆయన అరచెయ్యి బొబ్బెక్కింది. దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

కాగితం కుండ కింద మంటలోనే వేశారు. మా అత్తగారి పూసల దండలు, ఇంట్లో ఉన్న ఒక్క కంచు గంటా హినాయ్ ఇంటికి తప్పు కింద పోయాయి. లినావ్‌ని వాగు అవతల గుడిసెలో ఉండమన్నారు. నేనూ ఆమెతో పోయాను. ఉయాన్ పగలు పొలం చూసుకుని సాయంత్రం వచ్చేవాడు. ఎవరికీ తెలియకుండా నేను చేసిన పని ఒకటే, పలకా సూదీ మిగిలిన ఒక ఖాళీ కాగితమూ దుంపల బుట్ట అడుగున పెట్టి తెచ్చాను. ఎందుకో నాకే తెలియదు. వాళ్ళకి అది కూడా ఎందుకు దక్కాలన్న మంట తప్ప.

చెయ్యి మానడానికి చాలాకాలం పట్టింది. చీము, వాసన, ఆకుల పసరు. కొత్త చర్మం వచ్చింది, నున్నగా, బిగుతుగా, గులాబి రంగులో. మానిందన్న రోజు నేనే సంబరంగా మామ వెదురు ఒకటి తెచ్చి ఆ చేతిలో పెట్టాను. ఆమె వేళ్ళు జరిపింది. వెనక్కి జరిపింది. మళ్ళీ ముందుకి.

"వదినా, ఇది గీయని వెదురు కదా?"

"మీ నాన్నదే," అన్నాను.

వెదురు కింద పెట్టేసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మొహం గోడకి తిప్పుకుంది. నేను ఆ గుట్టనంతా పేరుపేరునా తిట్టాను, గొంతు పోయేదాకా తిట్టాను.

అవతల జబ్బు ఆగలేదు. ఆమె చెయ్యి కాలాక ఆగుతుందనుకున్నారు, ఇంకా నాలుగిళ్ళు దాటింది. బాలూయ్ తాత మనవరాలికి కొత్తగా కొడుకు పుట్టి ఉన్నాడు. బతికి బట్ట కట్టాక చూద్దామని ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఆ పసిగుడ్డుకి కూడా చుక్కలు లేచాయి. పేరు లేని పిల్లాడి పేరు ఎవరు ఎక్కడ పొడుస్తారు? ఈ ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు, కానీ గుట్టంతా ఒక్కసారిగా మౌనమైపోయిందని ఉయాన్ వచ్చి చెప్పాడు. బిడ్డ పోయాడు. పాతిపెట్టిన సాయంత్రం బాలూయ్ తాత వాగు దాటి వచ్చి మా గుడిసె కింద కూర్చున్నాడు. చీకటి పడే ముందు లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరి మధ్య తగువొచ్చినా ఆయన కుండ పెట్టలేదు.

హినాయ్ కూతురు బతికింది. బతికింది గానీ కళ్ళ మీద తెల్లటి పొర కమ్మేసింది. పగలేదో రాత్రేదో ఆ పిల్లకి తెలియడం లేదని విన్నాను. అప్పుడు నాకు జాలి కలిగిందా అంటే, ఆ రోజు కలగలేదు.

వానలు పూర్తిగా తగ్గకముందే ఒక పొద్దున హినాయ్ పిల్లని వీపున కట్టుకుని వాగు దాటి వచ్చింది. నిచ్చెన కింద నిలబడింది. మనిషి సగమైపోయింది.

"ఇంకేం కావాలే నీకు?" అన్నాను పైనుంచే. "ఎడమచెయ్యా?"

"పిల్లకి చదువు చెప్పమను," అంది, నన్ను కాదు, నేలను చూస్తూ.

"సిగ్గుందా నీకు? నిచ్చెన మీద కాలు పెట్టావంటే తోసేస్తాను, ఏమనుకున్నావో."

"తొయ్యి. దీన్ని మాత్రం పైకి తీసుకో."

పిలాక్ వాళ్ళమ్మ వీపు మీద నుంచి మొహం ఎత్తి గాలిలో ఎటో చూస్తోంది. "లినావ్ అత్తా, చప్పుడు చెయ్యవేంటి?" అంది. "టక్కు టక్కు చప్పుడు."

లినావ్ అంతసేపూ కదలలేదు. ఆ మాటకి కదిలింది.

"పైకి రానీ వదినా. పలక తెచ్చావు కదా, తియ్యి. బుట్టలో నువ్వేం దాచినా నాకు తెలియదనుకున్నావా?"

తీశాను. కోపంతోనే తీశాను. లినావ్ పలకా సూదీ తీసుకుని హినాయ్ ముందు పెట్టింది.

"నా వేళ్ళకి ఏమీ తెలియట్లేదు. పొడవాల్సింది నువ్వే."

"నేనా?" హినాయ్ వెనక్కి జరిగింది. "నా వల్ల కాదు."

"కళ్ళున్నదానివి. ఏ గడిలో ఎక్కడ గుచ్చాలో నేను చెప్తాను. ముందు దీని పేరు పొడువు."

"పేరొద్దు. ఇంకేదన్నా చెప్పు లినావ్, నీ కాళ్ళు పట్టుకుంటాను, పేరొద్దు."

"పేరే."

హినాయ్ సూది పట్టుకుంది. లినావ్ చెప్పింది, ఆమె పొడిచింది. ఒక్కో చుక్క పడగానే తలెత్తి పిల్ల మొహం చూసేది, మెడ చూసేది, చేతులు చూసేది. చెమటలు కారిపోతున్నాయి. ఆడవాళ్ళు పురిటిలో కూడా అంత మూలగగా నేను వినలేదు. పిల్ల మాత్రం చప్పుడుకి తగ్గట్టు మోకాలు ఊపుతూ కూర్చుంది. పేరు అయిపోయింది. కాగితం తీసి, తిరగేసి, పిలాక్ వేలు పట్టుకుని దాని మీద పెట్టింది హినాయ్.

"అమ్మా, ఇది గుచ్చుకోవట్లేదే," అంది పిల్ల.

హినాయ్ నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చింది. నేను మొహం తిప్పుకున్నాను. దాన్ని ఓదార్చడం నా వల్ల కాలేదు, తిట్టడమూ కాలేదు.

లినావ్ చెయ్యి చాపింది, సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని, అలవాటు కొద్దీ. ఆ నున్నటి వేలు కాగితం మీద ఈ చివర నుంచి ఆ చివరికి పోయి ఆగింది.

"ఇది నీ పేరేనా పిలాక్?" అని అడిగింది.

"ఏమో అత్తా. నువ్వే చెప్పాలి."

దారికి అడ్డం కట్టిన ముళ్ళు ఇంకా తీయలేదు, టీచరమ్మ రాలేదు. గుడిసెలో నలుగురం ఆడవాళ్ళం ఆ కాగితం చుట్టూ కూర్చున్నాం. వేలితో చదివి చెప్పగలిగిన వాళ్ళు మాలో ఒక్కరు కూడా లేరు.